వార్త ముందు మన లోపలికి పోవాలి

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాప ప్రశ్నకు జవాబు చెబుతూ, కడపలో ఒక లోకల్ కేబుల్ చానల్లో 11 ఏళ్లు వార్తలు చదివానని మాటవరసకు రాశాను. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో సగానికి పైగా దాని గురించే. అత్తాకోడళ్ల సంగతులు, పెళ్లి సంబంధాల సంగతులు రాసినవాళ్లు ఏమీ అనుకోకండి, మీవన్నీ భద్రంగా ఉన్నాయి, వచ్చే నెల వాటికే కూర్చుంటా. ఈసారి మాత్రం అంతా వార్తలు చదివే పని గురించే.

మేడమ్ గారూ, నాకు డెబ్భై దాటాయి. మా ఇంట్లో టీవీ కొన్న కొత్తలో సాయంత్రం ఏడింటికి శాంతి స్వరూప్ గారు తెలుగు వార్తలు చదివేవారు. మొన్న మా మనవడితో ఆయన పేరంటే, ఎవరు తాతా అన్నాడు. వాడికి చదివి వినిపిస్తా, ఆయన గురించి నాలుగు మాటలు రాస్తారా?
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, ప్రొద్దుటూరు

నాలుగు మాటలతో ఆపడం నా వల్ల కాదు సార్. ఈయన గురించి రాయాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటూ ఉన్నా, మీరు అడిగి మంచి పని చేశారు.

మన దేశంలో టీవీ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మొదలైంది. హైదరాబాద్‌కు దూరదర్శన్ కేంద్రం రావడానికి 1977 అక్టోబర్ 23 దాకా పట్టింది. కేంద్రం వచ్చినా తెలుగు వార్తలు వెంటనే రాలేదు. ఇంకో ఆరేళ్లు ఆగి, 1983 నవంబర్ 14న, బాలల దినోత్సవం నాడు, తెలుగులో తొలి టీవీ వార్తలు వచ్చాయి. చదివింది శాంతి స్వరూప్ గారే. అప్పటిదాకా తెలుగువాళ్లకు వార్తలంటే రేడియో. గొంతు తెలుసు, పేరు తెలుసు, మనిషి ఎట్లా ఉంటాడో తెలీదు. ముఖం కూడా కనిపించేటప్పుడు ఎంత నవ్వాలి, ఒక చావు వార్త చెప్పి వెంటనే ఆటల వార్తకు వచ్చేటప్పుడు కళ్లలో ఏం కనిపించాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఇవన్నీ చూసి నేర్చుకుందామంటే ఆయనకు ముందు తెలుగులో ఒక్క మనిషి కూడా లేడు. ఇప్పుడు నా దగ్గరికి నేర్చుకోవడానికొచ్చే పిల్లలకు, ఇదిగో ఈమెను చూడు, ఆయన్ని చూడు అని ఫోన్లో పది వీడియోలు చూపిస్తా. ఆయనకు ఎదురుగా ఉన్నది కెమెరా ఒక్కటే.

ప్రాంప్టర్ కూడా లేదు. ఇప్పుడు యాంకర్ ఎదుట అక్షరాలు పాకుతూ పోతుంటాయి కదా, అది అప్పుడు మన దగ్గర లేదు. కాగితం చూసి చదివితే తల వంచాలి, తల వంచితే చూసేవాళ్లకు నడినెత్తి కనిపిస్తుంది. అందుకని ఆయన స్క్రిప్టు ముందే కంఠతా పెట్టుకుని, మన ఇంట్లో కూర్చుని మనతో చెప్తున్నట్టు చెప్పేవారు. ఒకరోజు రెండ్రోజులు కాదు, పదేళ్లకు పైగా అట్లాగే నడిచింది. పద్యం కంఠతా పెట్టడం వేరు సార్, దానికి ఛందస్సు ఉంటుంది, ఒక పాదం ఇంకో పాదాన్ని లాక్కొస్తుంది. వార్తకు అట్లాంటి సాయం ఏమీ లేదు. మంత్రి పేరు, ఊరి పేరు, కోట్ల లెక్క, తేదీ, ఒకదానికొకటి సంబంధం లేని సంగతులు, పైగా రేపటికి పనికిరావు, రేపు మళ్లీ కొత్తవి.

ఇది ఎంత కష్టమో నాకు ఒక్క రోజులో తెలిసొచ్చింది. మా స్టూడియో అంటే మిద్దె మీద ఒక గది, గోడకు పచ్చ గుడ్డ, రెండు లైట్లు. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడు మైకులో పడుతుందని చదివేంతసేపూ ఆపేసేవాళ్లం. కడపలో మే నెల ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, టేబుల్ కింద తడి టవల్ పెట్టుకుని పాదాలు దాని మీద ఆనించి చదివేదాన్ని. ప్రాంప్టర్ కింద వాడే ల్యాప్‌టాప్ ఒకరోజు ఆగిపోయింది. శాంతి స్వరూప్ గారిని తలుచుకుని, ఏడు వార్తలు అరగంటలో నోటికి పట్టి కూర్చున్నా. మూడో వార్త నీళ్లది. కాలువకు ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారు అని చెప్పాల్సినదాన్ని, అన్ని వేల టీఎంసీలు అన్నాను. అన్నానని కూడా నాకు తెలీదు. రాత్రి ఒక రైతు ఫోన్ చేసి, గొంతు పెంచకుండా, “క్యూసెక్కు పారే నీళ్ల లెక్కమ్మా, టీఎంసీ నిలవ ఉన్న నీళ్ల లెక్క” అని చెప్పాడు. నేను మాటలు కంఠతా పెట్టుకున్నా, సంగతి పెట్టుకోలేదు. శాంతి స్వరూప్ గారు అన్నేళ్లు అట్లా చదివారంటే జ్ఞాపకశక్తి ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. అర్థమైంది మాత్రమే అంత నిలకడగా నోట్లోంచి వస్తుంది.

చిన్నప్పుడు మా వీధిలో టీవీ ఒక్కరింట్లోనే ఉండేది. మిద్దె మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే, కింద కిటికీ దగ్గర నిలబడి “వచ్చె వచ్చె, ఆడే ఆపు” అని అరిచే పని నాది. బొమ్మ నిలబడేసరికి ఆయన చదువుతూ ఉండేవారు. ఆ ఇంటి అవ్వకు చదువు రాదు, కానీ ఆయన వార్తలు అయిపోయేదాకా ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. ఆమెకు ప్రతి ముక్కా అర్థమయ్యేది మరి.

ఆయన భార్య రోజా రాణి గారు కూడా దూరదర్శన్‌లో వార్తలు చదివారు. శాంతి స్వరూప్ గారు 2011లో రిటైరయ్యారు. 2024 ఏప్రిల్ 5న గుండెపోటుతో హైదరాబాద్‌లో కన్నుమూశారు. మీ మనవడికి ఇంకొక సంగతి కూడా చెప్పండి సార్: ఆయన నవలా రచయిత. దాని గురించి కింద ఇంకో ఉత్తరానికి జవాబులో రాస్తా, అది కూడా చదివి వినిపించండి.

ప్రాంప్టర్ అంటే ఏంటి మేడమ్? అది కెమెరాకు అడ్డం రాదా?
— ఇంటర్ విద్యార్థి, నంద్యాల

రాదు. కెమెరా లెన్సు ముందు ఒక అద్దం ఏటవాలుగా, 45 డిగ్రీల్లో పెడతారు. కింద తెర ఉంటుంది, దాని మీద అక్షరాలు తిరగేసి వస్తాయి, అద్దంలో పడేసరికి సరిగ్గా కనిపిస్తాయి. అద్దం వెనక కెమెరాకు మాత్రం అక్షరాలు కనిపించవు, అద్దంలోంచి నీ ముఖమే కనిపిస్తుంది. రైలు కిటికీలో రాత్రిపూట నీ ముఖమూ బయటి దీపాలూ రెండూ కనిపిస్తాయి చూడు, అట్లాంటిదే. అక్షరాలను జరిపే మనిషి పక్కన కూర్చుని ఉంటాడు. మన వేగాన్ని బట్టి ఆయన జరపాలిగానీ ఆయన వేగాన్ని బట్టి మనం పరిగెత్తకూడదు. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు.

అక్కా, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. న్యూస్ రీడర్ కావాలని నా కోరిక. ఒక చోట ఆడిషన్‌కు పోతే “నీ సీమ యాస పోతేగానీ పనికిరావు” అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. మన యాస అంత పనికిరానిదా?
— ఆదోని నుంచి ఒక చెల్లి

ఏడవాల్సిన పనే లేదు చెల్లీ. నీకు ఆ మాట చెప్పినవాళ్లు యాసను, ఉచ్చారణను కలిపేసి మాట్లాడారు. రెండూ వేరు.

యాస మన ఊరిది, మన అమ్మది. “వానొస్తాంది”, “యాడికి పోతాండావు” అనేది తప్పు కాదు, ఎవరో దిద్దాల్సినదీ కాదు. వార్తల్లో అది వాడకపోవడానికి కారణం ఒక్కటే: ఇచ్ఛాపురంలో వినేవాళ్లకూ హిందూపురంలో వినేవాళ్లకూ ఒకే వాక్యం ఒకేసారి తెలియాలి, అందుకని అందరికీ అలవాటున్న రాతభాషను ఎంచుకుంటాం. కోస్తా పిల్ల కూడా తన ఇంటిభాషను ఇంట్లో పెట్టి రావాల్సిందే. ఈ సంగతి ఆడిషన్‌లో నిన్ను అన్నవాళ్లు మర్చిపోయినట్టున్నారు.

ఉచ్చారణ మాత్రం పని పెట్టుకుని నేర్చుకోవాల్సిందే, ఇందులో నేనేమీ తగ్గించి చెప్పను. మనవైపు ఎక్కువ పోయేవి ఇవి: నీళ్లు, పెళ్లి, కళ్లు అనేటప్పుడు ళ, కర్ణాటక, నిర్ణయం అనేటప్పుడు ణ. “విశేషం” ఒక్క మాటలో శ, ష రెండూ ఉన్నాయి, రోజూ ఇరవైసార్లు అను, రెండూ వేరువేరుగా వినిపించేదాకా అను. “ధర”, “దర” ఒకటి కాదు. “విద్యార్థి”లో థ పోగొట్టకు. ఇంకొకటి, ఇది సీమవాళ్లదే కాదు, పెద్ద చానళ్లలో కూడా వింటున్నా: “ఫలితం” అనేటప్పుడు ఇంగ్లిష్ ఎఫ్ శబ్దం పెడుతున్నారు. తెలుగులో ఫ అంటే ప ఒత్తి పలకడం, పెదాలు రెండూ కలవాలి. అద్దం ముందు నిలబడి చూసుకో, పై పళ్లు కింది పెదవికి తగిలాయంటే అది ఎఫ్.

రోజూ పొద్దున పేపర్లో ఒక సంపాదకీయం పైకి చదువు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ పెన్సిల్‌తో అడ్డగీత పెట్టుకో. ఫోన్లో రికార్డ్ చేసి అప్పుడే వినకు, మరుసటి రోజు విను. అప్పుడే విన్నావంటే నువ్వు చదవాలనుకున్నదే నీకు వినిపిస్తుంది, ఒక రాత్రి గడిస్తేగానీ చదివింది వినిపించదు.

నువ్వు ఆదోని పిల్లవు, అది నీకు మంచి బలం. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వీధిలోనే వింటూ పెరిగుంటావు. బళ్లారి, సిరుగుప్ప, రాయచూరు వైపు పేర్లు వస్తే మిగతావాళ్లు ఫోన్లు చేసి కనుక్కోవాలి, నీకు ఆ అవసరం లేదు. ఖాన్‌ను కాన్ అని, ఘనీని గనీ అని చదివితే ఆ ఇంటివాళ్లకు ఎంత చిన్నతనంగా ఉంటుందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

టీవీకి పోయే ముందు ఆకాశవాణి వైపు కూడా చూడు. కడప కేంద్రం 1963 నుంచి ఉంది, అనంతపురంలో ఉంది, కర్నూలులో ఉంది. క్యాజువల్ అనౌన్సర్లను, అంటే పర్మనెంట్ కాకుండా అవసరమైనప్పుడు పిలిచేవాళ్లను, తీసుకునేటప్పుడు రాతపరీక్ష పెట్టి, ఆ తర్వాత గొంతు పరీక్ష చేస్తారు. నేను అక్కడ కొన్నాళ్లు చేశాను. ముఖం కనిపించని చోట పని చేస్తేనే మాట మీద శ్రద్ధ వస్తుందని నా నమ్మకం.

వార్త తప్పు చదివితే ఏమవుతుంది మేడమ్? సారీ చెప్తే సరిపోతుందా?
— జర్నలిజం విద్యార్థి, అనంతపురం

మాట తడబడితే సరిపోతుంది. “క్షమించండి” అని సరిచేసి ముందుకు పోవచ్చు, చూసేవాళ్లు ఏమీ అనుకోరు. నేను చెప్పబోయేది ఇంకో రకం తప్పు.

ఒకరోజు సాయంత్రం బులెటిన్ మొదలవడానికి ముందు ఒక కాగితం చేతికిచ్చారు. లారీ ఆటోను గుద్దింది, ఇద్దరు పోయారు, కొత్తపల్లె వాళ్లు. అంతే ఉంది, మండలం పేరు లేదు. రాసినవాళ్లు రాయలేదు, చూడాల్సినవాళ్లు చూడలేదు, నేను అడగలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను, చాలా బాగా చదివాను కూడా. బులెటిన్ అయిపోయి మెట్లు దిగేసరికి కింద ఆఫీసు ఫోన్ మోగుతానే ఉంది. ఎత్తితే ఒక ఆడమనిషి. “అమ్మా, మా కొత్తపల్లేనా? మావాళ్లు ఆటోలో బయల్దేరినారు, ఇంకా రాలేదు” అని. ఏ కొత్తపల్లో నాకు తెలీదు. ఆమెను లైన్లో పెట్టి, వార్త పంపిన అతనికి ఇంకో ఫోన్ నుంచి చేస్తే ఎంతసేపటికీ ఎత్తడు. లైన్లో ఆమె మాట్లాడడంలేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. వెనక ఎవరో చిన్నపిల్ల అన్నం అడుగుతోంది. పది నిమిషాల తర్వాత తెలిసింది, అది వేరే మండలంలో కొత్తపల్లె. ఆమెకు చెప్పాను. ఒక్క మాట కూడా అనకుండా ఫోన్ పెట్టేసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పది నిమిషాలు ఆమెకు ఇచ్చింది నేనే. రాసినవాడి ముఖం జనానికి తెలీదు, చదివినదాని ముఖమే తెలుసు. ఆ చానల్ వాళ్లు మరుసటి రోజు దాన్ని సరిదిద్దుకుంటూ ఒక ముక్క కూడా చెప్పనివ్వలేదు, “మనం తప్పు రాయలేదు కదా, కొత్తపల్లె కరెక్టే కదా” అన్నారు. ఆ మాట ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు మింగుడుపడలేదు.

మన జిల్లాల్లో కొత్తపల్లెలు, కొత్తపేటలు, రామాపురాలు ఎన్ని ఉన్నాయో చూడండి. కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊళ్ల పేర్ల మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. కథలకు సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న మనిషి, ఊరి పేరు అంటే ఎంత విషయమో ఆయనకు తెలుసు. ఆ ఫోన్ వచ్చిన రోజు నుంచి నా చేతికి వచ్చిన ప్రతి కాగితంలో ఊరి పక్కన మండలం లేకపోతే నేను కుర్చీలో కూర్చోలేదు. ఇంకో రెండు నిమిషాల్లో లైవ్ అని ఎంత అరిచినా సరే. మీరు ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఈ అలవాటు చేసుకోండి: ఊరికి మండలం, మనిషికి ఇంటిపేరు, లెక్కకు యూనిట్.

చావు వార్తలు చదివేటప్పుడు మీకు ఏడుపు రాదా?
— గృహిణి, తాడిపత్రి

వస్తుందమ్మా. 1984 అక్టోబర్ 31 సాయంత్రం ఇందిరాగాంధీ మరణవార్తను దూరదర్శన్‌లో చెప్పాల్సి వచ్చింది సల్మా సుల్తాన్ గారికి. దేశం మొత్తం ఎదురుగా కూర్చుని ఉంటే ఆ వాక్యం నోట్లోంచి ఎట్లా వచ్చిందో అని ఎన్నోసార్లు అనుకున్నా. నేను చేసేది ఒకటే. అట్లాంటి వార్త ఉంటే స్టూడియోలోకి పోకముందే పక్కకు పోయి ఒకసారి పైకి చదువుతా. ఏడుపు వస్తే అక్కడే రానిస్తా. తర్వాత మొహం కడుక్కుని లోపలికి పోతా.

మా పాపకు హైదరాబాద్‌లో ఒక చానల్లో యాంకర్‌గా రమ్మన్నారు మేడమ్. మేము మగ్గం నేసుకునేవాళ్లం, ఆ పని ఎట్లా ఉంటుందో తెలీదు. పంపాలంటే టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, ధర్మవరం

పంపండమ్మా, కానీ అడగాల్సినవి అడిగి పంపండి. ఏదో నోటిమాటగా రమ్మన్నారని బ్యాగు సర్దకండి, అపాయింట్‌మెంట్ లెటర్ చేతికి రావాలి. అందులో జీతం ఎంతో, ఏ తేదీకి వేస్తారో ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమంటే ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు. ఇన్నేళ్లు మానకూడదని బాండు రాయమంటే సంతకం పెట్టే ముందు తెలిసిన లాయర్‌కు చూపించండి. పొద్దున బులెటిన్ అంటే తెల్లవారుజామునే అక్కడ ఉండాలి, ఆ టైములో కారు పంపుతారా లేదా అడగండి. చీరలు, మేకప్ ఖర్చు ఎవరిదో కూడా అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఆడవాళ్ల ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ ఉండాలని 2013లో చట్టం వచ్చింది, ఆ కమిటీలో ఎవరున్నారో చేరిన రోజే పాపను తెలుసుకోమనండి.

ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఒక చోట ఐదు నెలల జీతం పోగొట్టుకున్నా. కాగితం లేదు కాబట్టి అడగడానికి కూడా నాకు ఆధారం లేకపోయింది.

మగ్గం మీద ఒక్క పోగు తెగితే చీర మొత్తం మీద కనిపిస్తుందని మీకు తెలుసు. ఆ శ్రద్ధ చూస్తూ పెరిగిన పిల్ల ఈ పనికి బాగా నప్పుతుంది. నా మాటగా పాపకు చెప్పండి.

నేను టీచర్‌ను. మా ఊరి రైతుల కష్టాల మీద నవల రాయాలని ఉంది. కానీ అవన్నీ రోజూ పేపర్లో వచ్చేవే, టీవీలో చూపించేవే. వార్తగా వచ్చేసినదాన్ని మళ్లీ నవలగా ఎవరు చదువుతారు?
— కళ్యాణదుర్గం నుంచి ఒక ఉపాధ్యాయుడు

పైన ప్రొద్దుటూరు పెద్దాయనకు చెప్తానన్న మాట ఇక్కడ చెప్తా సార్.

శాంతి స్వరూప్ గారు మూడు నవలలు రాశారు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద “రాతి మేఘం”, క్రికెట్ పిచ్చి మీద “క్రేజ్”, సతీసహగమనానికి వ్యతిరేకంగా “అర్ధాగ్ని”. ఈ మూడు విషయాలూ ఒక్కసారి చూడండి. ఇండియా ప్రపంచ కప్ గెలిచింది 1983 జూన్ 25న, ఆయన తొలి వార్తలు చదవడానికి ఐదు నెలలు కూడా కాకముందు. భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసైనేట్ అనే విషవాయువు బయటికొచ్చింది 1984 డిసెంబర్ 2 రాత్రి తెల్లారితే 3, అప్పటికి తెలుగు టీవీ వార్తలకు ఏడాది దాటి మూడు వారాలు కూడా కాలేదు. సతి అనేది పాత పుస్తకాల్లో మాట అనుకుంటున్న రోజుల్లో 1987 సెప్టెంబర్‌లో రాజస్థాన్‌లోని దేవరాలాలో రూప్ కన్వర్ చనిపోయింది, ఆమెకు 18 ఏళ్లు. దేశమంతా అట్టుడికింది, ఆ ఏడాదే పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అంటే ఆయన నవలలకు ఎంచుకున్నవన్నీ ఆ రోజుల్లో వార్తలుగా నడిచినవే.

దీన్ని నేను ఒక పాత వార్తల మనిషిగా అర్థం చేసుకుంటున్నా. బులెటిన్‌లో ఒక వార్తకు దొరికేది అర నిమిషం, మరీ పెద్దదైతే నిమిషం, రెండు నిమిషాలు. భోపాల్ లాంటిది జరిగితే ఈ రోజు ఇంతమంది పోయారు అంటాం, రేపు ఆ లెక్క పెరుగుతుంది, ఎల్లుండి మళ్లీ పెరుగుతుంది, ఆ తర్వాత వేరే వార్త పైకొస్తుంది. చదివినవాడి లోపల మాత్రం అది అక్కడితో ఆగదు. అందులోనూ కంఠతా పెట్టి చెప్పిన మనిషికి అసలు ఆగదు. చూసి చదివింది కాగితంతోపాటు పోతుంది, నోటికి పట్టినది రాత్రి పడుకున్నాక కూడా తిరుగుతుంది. ఆ మిగిలిపోయిన దానికి నవల కావాలి. ఎంత మంది అనే ప్రశ్నకు వార్తలో జవాబు దొరుకుతుంది. ఆ రాత్రి ఏ ఇంట్లో ఎవరు ముందు లేచారు, తలుపు తియ్యాలా మూసుకోవాలా అని ఎవరు ఎవరిని అడిగారు అనేది నవలే చెప్పాలి.

కాబట్టి మీరు వెనకడుగు వేయొద్దు సార్. మేము వార్తలో “వేరుశనగ పంట ఇన్ని వేల హెక్టార్లలో దెబ్బతింది” అని చదువుతాం. మీ ఊళ్లో ఎవరైనా హెక్టార్ అంటారా? ఎకరా అంటారు. ఒక హెక్టార్ అంటే దాదాపు రెండున్నర ఎకరాలని చాలామంది రైతులు లెక్క కట్టుకోవాల్సిందే. వేరుశనగ అని కూడా అనరు, బుడ్డల చేను అంటారు. ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేస్తే ఆ ఇంట్లో మాటలు ఎట్లా తగ్గిపోతాయో, ఏ ఖర్చు ముందు ఆపుతారో, పాప కాలేజీ ఫీజా, అవ్వ బీపీ మాత్రలా, అది మీకు తెలుసు. హైదరాబాద్‌లో కూర్చుని స్క్రిప్టు రాసేవాళ్లకు తెలీదు. హెక్టార్లు మాకు వదిలేసి మీరు ఆ బుడ్డల చేను గురించి రాయండి. ఒకే చేను, ఒకే ఇల్లు, ఒకే ఏడాది పెట్టుకోండి. మొత్తం జిల్లాను రాయబోతే మళ్లీ వార్తే అవుతుంది.

స్కూలు పనితో టైమ్ ఉండదని కూడా రాశారు. శాంతి స్వరూప్ గారికీ రోజూ వార్తల పని ఉండేది కదా.

ఇప్పుడు ఏఐ యాంకర్లు వచ్చేశారు, ఇంకా ఈ వార్తలు చదివే ఉద్యోగాలు ఉంటాయా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, కర్నూలు

2024 మే 26న దూరదర్శన్ వాళ్లే తమ రైతుల చానల్ డీడీ కిసాన్‌లో క్రిష్, భూమి అని ఇద్దరు ఏఐ యాంకర్లను పెట్టారు, 50 భాషల్లో మాట్లాడగలరని చెప్పారు. శాంతి స్వరూప్ గారు పోయి రెండు నెలలు కూడా కాలేదు అప్పటికి. ఆ రోజు నాకు మనసేం బాగాలేదు. కొన్ని ఉద్యోగాలు పోతాయి, పోవని నీకు అబద్ధం చెప్పను. ధరలు, వాతావరణం, స్కోర్లు వాటితో చదివిస్తారు. వాటికి దాహం వెయ్యదు, అవి తడబడవు, సెలవు అడగవు. కానీ ఆ కొత్తపల్లె కాగితం ఇస్తే అది కూడా నాలాగే ఉన్నది ఉన్నట్టు చక్కగా చదివేస్తుంది, మెట్లు దిగి ఫోన్ ఎత్తేది మాత్రం మళ్లీ మనిషే. ఏ కొత్తపల్లె అని ముందే అడిగే మనిషివైతే నీకు పని ఉంటుంది. వేగంగా, అందంగా చదవడం ఒక్కటే నేర్చుకుంటానంటే వేరే దారి చూసుకోమనే చెప్తా.

శాంతి స్వరూప్ గారి నవలలు చదవాలని ఉంది. ఎక్కడ అడగాలి?
— గ్రంథాలయానికి రోజూ పోయే ఒక పాఠకుడు, పులివెందుల

ముందు మీ ఊరి శాఖా గ్రంథాలయంలోనే అడగండి అన్నా, లేకపోతే కడపలో జిల్లా కేంద్ర గ్రంథాలయం. అక్కడా లేకపోతే కడపలోనే ఉన్న సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి పోండి. మూడు పేర్లూ కాగితం మీద రాసుకుని పోండి, నోటితో చెప్తే “అర్ధాగ్ని”ని వేరే ఏదో అనుకుని వెతుకుతారు. హైదరాబాద్‌కు పోయే పని ఉంటే ఆదివారం కోఠి, ఆబిడ్స్ పాత పుస్తకాల దగ్గర కూడా ఒక కన్నెయ్యండి. దొరికితే ఏ ఊళ్లో, ఏ బీరువాలో దొరికిందో నాకొక కార్డు ముక్క రాయండి, వచ్చే నెల ఇక్కడే వేస్తా. ఇంకా నలుగురు ఇదే అడిగారు.